ముఖాన్ని బట్టి విగ్గు

‘జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే’ అన్నారు మన పెద్దలు. మాట నిజమే. మరి జుట్టు లేనమ్మ సంగతేమిటి? ఆమెను గురించి సామెత చెప్పినవారు లేరు. పైగా ఆ విషయం ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు. తలుపు వేసుకుని, గొంతు తగ్గించుకుని మాట్లాడుకుంటారు.

కేన్సరుకు కీమోథెరపీ చేయించుకుంటున్నవారు, పేనుకొరుకుడుతో బాధపడేవారు, వయసుతో నడినెత్తిన జుట్టు బాగా పలచబడినవారు మనలో ఎంతోమంది ఉన్నారు. వారిలో చాలామంది విగ్గు కొనుక్కుంటారు. రెండు రోజులు పెట్టుకుంటారు. మూడో రోజున అది బీరువాలోకి పోతుంది. ‘నాకు నప్పలేదు’ అంటారు. నప్పనిది విగ్గు కాదు, ఎంపిక. చీర కొనడానికి నాలుగు కొట్లు తిరిగే మనం విగ్గును మాత్రం సిగ్గుతో, తొందరతో, మొదట చూపించినది తీసుకుని బయటపడతాం.

నేను 1970ల చివరి నుంచి దాదాపు పదిహేనేళ్ళు మద్రాసు స్టూడియోల్లో కేశాలంకరణ సహాయకురాలిగా పనిచేశాను. ఆ తరువాత పడమటి మాంబళంలో చిన్న బ్యూటీ పార్లరు నడిపాను. విగ్గు కుట్టడం, దువ్వడం, మనిషికి అమర్చడం ఈ చేతులకు అలవాటైన పనులు. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాను.

ఎందుకింత గుట్టు?

పెట్టుడు జుట్టు మనకు కొత్త కాదు. మన అమ్మమ్మల పెట్టెల్లో నగలతోపాటు సవరం కూడా ఉండేది. రాలిన వెంట్రుకలు పోగు చేసి సవరం కట్టించుకోవడం తప్పు పనిగా ఎవరూ అనుకోలేదు. స్థానం నరసింహారావుగారు (1902–1971), వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) మగవారై ఉండి సత్యభామగా రంగం మీదకు వస్తే జనం నీరాజనాలు పట్టారు. ఆ వేషంలో జడ, పాపిటబిళ్ళ, చెంపసరాలు కేవలం అలంకారం కాదు. చెంపసరం చెంప వెడల్పును తగ్గించి చూపుతుంది. పాపిటబిళ్ళ చూపును నుదుటి మధ్యకు లాగుతుంది. భుజం మీదుగా ముందుకు వేసుకున్న జడ ముఖానికి పొడవు తెస్తుంది. ముఖం తీరును బట్టి జుట్టు అమర్చే విద్య మన రంగస్థలానికి బాగా తెలుసు.

ఇంకో సంగతి. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఏలూరులోనూ, చెన్నైలోనూ, కర్ణాటకలో కొప్పళ పక్కనున్న భాగ్యనగర్‌లోనూ జుట్టును శుభ్రం చేసి, పొడవు వారీగా కట్టలు కట్టి ఎగుమతి చేసేవారున్నారు. మన జుట్టు విగ్గుగా మారి ప్రపంచమంతా తిరుగుతోంది. మన ఇంట్లో మనకు అవసరమైతే మాత్రం సిగ్గుపడుతున్నాం!

ఈ సిగ్గుకు కారణం లేకపోలేదు. భర్త పోయిన స్త్రీకి తల గొరిగించే ఆచారం ఒకప్పుడు మన కుటుంబాల్లో కొన్నింట ఉండేది. ఆ జ్ఞాపకం ఇంకా పూర్తిగా పోలేదు. అదే గుండు మొక్కు తీర్చుకుని వస్తే శుభం. అందుకే గుండుతో కనిపించిన ఆడమనిషిని మనవాళ్ళు ముందుగా ‘తిరుపతి వెళ్ళొచ్చారా?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక బయటికి రావడం మానేసినవారిని నేను చూశాను. విగ్గు పెట్టుకోవడం తప్పనిసరి కాదు. మెత్తని నూలు రుమాలు కట్టుకోవచ్చు, పైట కప్పుకోవచ్చు, ఏమీ లేకుండా ధైర్యంగానూ తిరగవచ్చు. పెట్టుకోవాలనుకుంటే మాత్రం అది మీ ముఖానికి తగ్గది కావాలి.

ముందు ముఖం కొలవండి

కుట్టుపని టేపు ఒకటి తీసుకోండి. అద్దం ముందు కూర్చుని నాలుగు కొలతలు రాసుకోండి.

ఒకటి, నుదుటి వెడల్పు. కనుబొమలకూ జుట్టు మొదలుకూ నడుమ, ఈ కణత నుంచి ఆ కణత వరకు. రెండు, చెంప ఎముకల వెడల్పు. కంటి బయటి కొసల కింద ఎముక ఎత్తుగా తగిలే చోట, ఈ వైపు నుంచి ఆ వైపుకు. మూడు, దవడ. గడ్డం కొస నుంచి చెవి కింద దవడ మలుపు వరకు కొలిచి రెట్టింపు చేయండి. నాలుగు, పొడవు. జుట్టు మొదలు నుంచి గడ్డం కొస దాకా.

జుట్టు రాలిపోయినవారికి జుట్టు మొదలు ఎక్కడో తెలియదు కదా! దానికీ ఉపాయముంది. కనుబొమలు బాగా పైకెత్తండి. నుదుట ముడతలు పడతాయి. అన్నిటికంటే పైనున్న ముడతకు కాస్త పైన మీ జుట్టు మొదలని సుమారుగా గుర్తించవచ్చు. మరో లెక్క ప్రకారం కనుబొమల పైన అడ్డంగా నాలుగు వేళ్ళు పెట్టి చూస్తారు. రెండూ చూసి, పాత ఫొటోతో సరిపోల్చుకోండి.

టేపు పని కష్టమనిపిస్తే సబ్బు ముక్క తీసుకోండి. అద్దానికి ఎదురుగా నిలబడి, తల కదపకుండా, ఒక కన్ను మూసి, అద్దంలో కనబడే మీ ముఖం అంచు వెంట గీత గీయండి. గీసిన బొమ్మ మీ ముఖంలో సగం కొలతే ఉంటుంది. కంగారు పడకండి, అద్దం లెక్క అంతే. ఆకారం మాత్రం మీదే.

ఏ ముఖానికి ఏది?

కోల ముఖం: పొడవు వెడల్పుకంటే కొంత ఎక్కువగా ఉండి, నుదురు దవడకంటే కాస్త వెడల్పుగా, అంచులు నునుపుగా ఉంటాయి. కోడిగుడ్డు ఆకారమనుకోండి. వీరికి దాదాపు ఏదైనా నప్పుతుంది. నడి పాపిట హాయిగా పెట్టుకోవచ్చు. నుదుటి మీద దట్టంగా ముంగురులు దింపి ఉన్న అందాన్ని కప్పుకోకుండా ఉంటే చాలు.

గుండ్రటి ముఖం: పొడవు, వెడల్పు దాదాపు సమానం. బుగ్గలు నిండుగా, దవడ మెత్తగా ఉంటాయి. వీరికి నడినెత్తిన కొంచెం ఎత్తు, చెంపల దగ్గర తక్కువ జుట్టు, పక్క పాపిట కావాలి. జుట్టు గడ్డం దాటి కిందికి రావాలి. గడ్డం దగ్గర ఆగిపోయే బాబ్ కటింగు, అడ్డంగా కోసిన దట్టమైన ముంగురులు ముఖాన్ని మరింత గుండ్రంగా చూపుతాయి.

పలక ముఖం: నుదురు, చెంపలు, దవడ ఒకే వెడల్పు. దవడ మలుపులు కోణాలుగా తెలుస్తాయి. వీరికి తిన్నని జుట్టుకంటే మెత్తని అలలున్న జుట్టు మంచిది. పాపిట నడిమి నుంచి కొంచెం పక్కకు జరగాలి. జుట్టు సరిగ్గా దవడ దగ్గర ముగియకూడదు. ముగిస్తే దవడ కింద గీత గీసినట్టవుతుంది. వెనక్కి బిగలాగి ముడి వేస్తే కోణాలు మరింత బయటపడతాయి.

పొడుగు ముఖం: పొడవు బాగా ఎక్కువ, వెడల్పు తక్కువ. నెత్తిన ఎత్తు వద్దు. చెవుల దగ్గర, చెంపల పక్కన జుట్టు కొంచెం నిండుగా ఉండాలి. భుజాల వరకు పొడవు చాలు. పక్క పాపిట తీసి ముందు జుట్టును నుదుటి మీదుగా ఒక అలలా పక్కకు దువ్వితే పొడవు తగ్గి కనిపిస్తుంది. నడి పాపిటతో తిన్నగా జారే పొడవాటి జుట్టు వీరికి కుదరదు.

తమలపాకు ముఖం: నుదురు వెడల్పు, గడ్డం సన్నగా కొసదేరి ఉంటుంది. నిండుదనం పైన కాదు, కింద కావాలి. మెడ దగ్గరా గడ్డం పక్కనా అలలు, ఉంగరాలు ఉంటే ముఖం సమంగా కనబడుతుంది. పక్క పాపిట నుదుటి వెడల్పును రెండుగా చీల్చుతుంది.

జామకాయ ముఖం: తమలపాకుకు తలకిందులు. నుదురు సన్నం, దవడ వెడల్పు. కణతల దగ్గర, నెత్తిన జుట్టు నిండుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ పలచబడాలి.

వజ్రం ముఖం: చెంప ఎముకలే అన్నిటికంటే వెడల్పు. నుదురు, గడ్డం రెండూ సన్నం. కణతల దగ్గర కొంత, గడ్డం దగ్గర కొంత జుట్టు నిండుగా ఉండాలి. చెంప ఎముకల మీద మాత్రం ఒదిగి ఉండాలి.

ఒకటి గమనించండి. ఏ ఒక్కరి ముఖమూ ఈ ఏడింటిలో నూటికి నూరుపాళ్ళు ఇమడదు. రెంటికీ నడుమ ఉండేవారే ఎక్కువ. ఏది ఎక్కువగా ఉందో దాన్ని సరిచేసుకోవాలి. ఉన్న వెడల్పు దగ్గర మళ్ళీ వెడల్పు, ఉన్న పొడవుకు మళ్ళీ పొడవు చేర్చకూడదు. అదీ సూత్రం.

ఫొటోలో ముఖం, అద్దంలో ముఖం

ఈ సూత్రాలన్నీ తెలిసిన కొట్లో కూడా ఒక విషయం దగ్గర లెక్క తప్పుతుంది. మా ఆడపడుచు విషయంలో అదే జరిగింది. ఆమె బరంపురంలో కాపురముంటుంది. 2016లో ఆమెకు రొమ్ము కేన్సరు అని తేలింది. వైద్యానికి చెన్నై వచ్చి మా ఇంట్లోనే ఉంది. అప్పటికే కూతురి పెళ్ళి కుదిరి ఉంది. మరుసటి మాఘమాసంలో ముహూర్తం. పెళ్ళి వాయిదా వేయడానికి ఆమె ఒప్పుకోలేదు.

కీమోథెరపీలో వాడే మందులన్నీ జుట్టు రాల్చవు. ఆమెకిచ్చినవి రాల్చేవి. సాధారణంగా మొదటి మోతాదు ఇచ్చిన రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలవుతుంది. ఆమెకు పద్ధెనిమిదో రోజున దిండు మీద కుచ్చులుగా కనబడింది. నడుము దాటే జడ ఆమెది. ఆ వారంలోనే బావగారిని తీసుకుని ఒక కొట్టుకు వెళ్ళి విగ్గు కొనుక్కొచ్చింది. నేను అప్పుడు ఊళ్ళో లేను.

తిరిగి వచ్చి చూస్తే, ముంగురులు కనుబొమల దాకా దిగి, చెవుల దగ్గర బాగా ఉబ్బెత్తుగా ఉన్న విగ్గు. బొట్టు పెట్టుకునే చోటు లేదు. ఆమె అద్దం ముందు నిలబడి, “వదినా, నేను అందంగా ఉండక్కర్లేదు. నన్ను నేను గుర్తుపట్టేట్టు ఉంటే చాలు” అంది. ఆ మాట విని నాకు నోట మాట రాలేదు.

కొట్టువారు చేసింది మోసం కాదు. ఆమె ఇచ్చిన పాత ఫొటో చూశారు. అందులో ఆమెది పొడుగు ముఖం. పొడుగు ముఖానికి ముంగురులు, చెంపల పక్కన నిండుదనం, అన్నీ పుస్తకం ప్రకారమే ఇచ్చారు. ఎటొచ్చీ అప్పటి ఆమె ముఖం ఆ ఫొటోలోది కాదు. కీమో మందులతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల కొందరికి ముఖం ఉబ్బుతుంది. మా ఆడపడుచుకు బుగ్గలు నిండి ముఖం గుండ్రబడింది. గుండ్రటి ముఖానికి పొడుగు ముఖం విగ్గు పెడితే ఏమవుతుంది? బుగ్గల పక్కన మరో రెండు బుగ్గలు మొలిచినట్టవుతుంది.

ఫొటో ఎందుకూ పనికిరాదని కాదు. నడుమ పాపిటా, పక్క పాపిటా? నుదురు ఎంత కనబడేది? కణత దగ్గర జుట్టు ఎలా ఒంపు తిరిగేది? ఇవన్నీ ఫొటోయే చెప్పాలి. మనల్ని ‘మనం’గా గుర్తుపట్టించేవి అవే. ముఖం ఆకారాన్ని మాత్రం ఈ రోజు అద్దమే చెప్పాలి. పాపిటకు ఫొటో, ఆకారానికి అద్దం. విగ్గు కొనే ప్రతివారికీ నేను చెప్పే మొదటి మాట ఇదే.

ఆమెకు మేము రెండోసారి ఎంచినది భుజాలు దాటిన సహజమైన జుట్టు విగ్గు. ముంగురులు లేవు. ఫొటోలో ఉన్నట్టే ఎడమవైపు పక్క పాపిట. చెవుల దగ్గర నాలుగో వంతు జుట్టు పలచన చేయించాను. నెత్తిన అర అంగుళం ఎత్తు మిగిల్చాను. ఆమె పెట్టుకుని, నుదుట బొట్టు దిద్దుకుని, చాలాసేపు అద్దంలో చూసుకుంది. “ఇదిగో, ఇది నేనే” అంది.

డిసెంబరుకు మందులు అయిపోయాయి. ముఖం ఉబ్బు క్రమంగా తగ్గి పాత పొడుగు మళ్ళీ వచ్చింది. అప్పుడు అదే విగ్గును నెత్తిన అణచి, చెంపల పక్కన అలలుగా దువ్వాం. కొత్తది కొనాల్సిన అవసరం రాలేదు. ముఖం మారే అవకాశమున్నవారు బాగా పొట్టిగా కత్తిరించిన విగ్గు తీసుకోకూడదనడానికి కారణం ఇదే. పొడవున్నదాన్ని ఎటైనా దువ్వుకోవచ్చు. పొట్టిదానికి ఒక్కటే రూపు.

పెళ్ళికి ముడి కావాలన్నది ఆమె. విగ్గు జుట్టును మెడ దగ్గర కిందికే కట్టి, దానికి సవరం చేర్చి ముడి వేశాం. విగ్గును పైకెత్తి దువ్వితే మెడ వెనుక అంచు బయటపడుతుంది. అందుకని ముడి ఎప్పుడూ కిందికే ఉండాలి. పెళ్ళికి వారం ముందే ఆమె వియ్యపురాలికి ఫోను చేసి విషయమంతా చెప్పేసింది. దాచుకుని భయపడేకంటే చెప్పి నిశ్చింతగా ఉంటానంది. పెళ్ళినాడు ఆ వియ్యపురాలు మల్లెదండ పట్టుకొచ్చి, “పిన్ను ఎక్కడ గుచ్చమంటారు, వదినగారూ?” అని అడిగి మరీ పెట్టింది.

నుదురు, పాపిట, బొట్టు

మనకు దొరికే విగ్గుల్లో చాలావాటి నమూనాలు బయటి దేశాల నుంచి వచ్చినవే. వాటిలో ముంగురులు ఎక్కువ. కారణమేమంటే, విగ్గు ముందు అంచు కనబడకుండా అవి కప్పేస్తాయి. బొట్టు పెట్టుకునే మన ఆడవారికి నుదురు కనబడటం ముఖ్యం. ముంగురులు తప్పవనుకుంటే పలచగా, పక్కకు దువ్వేవి ఎంచుకోండి.

విగ్గును నుదుటి మీదకు మరీ కిందికి లాగి పెట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. జారిపోతుందేమోనన్న భయంతో అలా చేస్తారు. అంచు పైన చెప్పిన నాలుగు వేళ్ళ లెక్కకు రావాలి. రెండు చెవుల ముందూ ఉండే చిన్న రెక్కలు రెండు వైపులా సమానంగా కూర్చోవాలి.

జుట్టు దట్టం విషయంలోనూ మోజు పనికిరాదు. యాభై ఏళ్ళ మనిషికి ఇరవై ఏళ్ళ పిల్లకున్నంత దట్టమైన, కాటుకలా నల్లని జుట్టు పెడితే దూరం నుంచే విగ్గని తెలిసిపోతుంది. మన జుట్టు నలుపులో కొంత గోధుమ ఛాయ ఉంటుంది. వయసును బట్టి కణతల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలుంటే ముఖానికి సహజత్వం వస్తుంది. జుట్టు రాలకముందే మీ సొంత వెంట్రుకలు ఒక పాయ కత్తిరించి దాచుకోండి. రంగు సరిచూడటానికి అంతకంటే మంచి నమూనా లేదు. కీమో వల్ల కొందరికి కనుబొమలు కూడా రాలతాయి. పెన్సిలుతో పలచగా దిద్దుకుంటేనే ముఖానికి విగ్గు కుదురుతుంది.

కొనేముందు తెలుసుకోవలసినవి

విగ్గులు ముఖ్యంగా రెండు రకాలు. సింథటిక్ పోగులతో చేసినవి, మనిషి జుట్టుతో చేసినవి. సింథటిక్ విగ్గు తేలిక, ధర తక్కువ. ఉతికినా దాని రూపు మారదు. కానీ వేడికి తట్టుకోదు. మనిషి జుట్టు విగ్గు ధర దానికి ఎన్నో రెట్లుంటుంది. దాన్ని మన జుట్టులాగే దువ్వి, అలంకరించుకోవచ్చు. శ్రద్ధ కూడా అంతే కావాలి.

మనిషి జుట్టులోనూ భేదాలున్నాయి. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొర ఉంటుంది. తల నుంచి ఒకేసారి తీసిన జుట్టులో ఆ పొలుసులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. దాన్ని వ్యాపారంలో రెమీ జుట్టంటారు. దువ్వెనలో వచ్చిన చిక్కు జుట్టును ఏరి చేసినదాంట్లో మొదలు కొస కలిసిపోయి త్వరగా చిక్కుపడుతుంది. కొనేముందు ఒక పాయను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి జార్చి చూడండి. కిందికి నునుపుగా, పైకి గరుకుగా తగిలితే మంచి గుర్తు. పైన సిలికాను పూత ఉంటే మాత్రం ఈ తేడా తెలియదు. అందుకని ధర ఎక్కువైనది నమ్మకమైన చోటే కొనండి.

అడుగు కూడా చూడాలి. మిషను మీద కుట్టిన వరసలున్నవి గాలి ఆడతాయి, ధర తక్కువ, కానీ పాపిట దగ్గర చర్మం కనబడదు. సన్నని వల మీద ఒక్కొక్క వెంట్రుక ముడివేసినవి పాపిట సహజంగా చూపుతాయి. డబ్బు సరిపోకపోతే పాపిట వరకూ వలతో, మిగతాది మిషను కుట్టుతో ఉన్నవీ దొరుకుతాయి. పాపిట కనబడటం ముఖ్యమైన మనకు అది మంచి మధ్యేమార్గం.

తల చుట్టుకొలత నుదుటి మీద జుట్టు మొదలు నుంచి చెవుల వెనుకగా, మెడ పైనుంచి తీయాలి. చాలామంది ఆడవారికి ఇది 21 నుంచి 23 అంగుళాల మధ్య ఉంటుంది. జుట్టు ఉన్నప్పుడు తీసిన కొలత రాలిన తరువాత కాస్త తగ్గుతుంది. కనుక వెనుక బిగించుకునే పట్టీలున్నదే తీసుకోండి. లోపల నూలు టోపీ ఒకటి వేసుకుంటే చెమట పీల్చుకుంటుంది. చర్మం ఒరుసుకుపోదు.

ఒంటరిగా వెళ్ళకండి. మిమ్మల్ని రోజూ చూసేవారిని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. దుకాణం దీపాల కింద కాక పగటి వెలుతురులో చూసుకోండి. పక్క నుంచి, వెనుక నుంచి కూడా చూడాలి. కత్తిరింపు విగ్గు మీ తల మీద ఉండగానే, కొద్దికొద్దిగా చేయించండి. విగ్గు జుట్టు మళ్ళీ పెరగదు కదా!

వంటింట్లో, పూజగదిలో

సింథటిక్ విగ్గుతో పొయ్యి దగ్గరికి వంగకండి. కుక్కరు మూత తీసినప్పుడు వచ్చే ఆవిరికి ముందు జుట్టు కొసలు ముడుచుకుని కొబ్బరిపీచులా అవుతాయి. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు, హోమం దగ్గర కూర్చునేటప్పుడు దూరం పాటించండి. హెయిర్ డ్రైయరు అసలు వద్దు. వంటప్పుడు రుమాలు కట్టుకోవడమే మేలు.

విగ్గుకు కొబ్బరినూనె రాయకండి. అలవాటు కొద్దీ చాలామంది రాస్తారు, దానికి దుమ్మంటి అట్టలు కడుతుంది. పది పన్నెండుసార్లు వాడాక చల్లని నీళ్ళలో కొంచెం షాంపూ కలిపి ముంచి తీయండి. పిండకండి. తువ్వాలులో చుట్టి అద్ది, స్టాండు మీదో, బోర్లించిన చెంబు మీదో నీడలో ఆరబెట్టండి. సింథటిక్ విగ్గు తడిగా ఉన్నప్పుడు దువ్వకూడదు. రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలి. తలకు కూడా గాలి కావాలి. తలమీద పుండు, దద్దురు, మంట ఉంటే ముందు డాక్టరుగారికి చూపించండి.

మగవారికి ఒక మాట

బట్టతల మగవారు ఇరవై ఏళ్ళనాటి జుట్టే కావాలంటారు. అక్కడే వస్తుంది చిక్కు. వయసు మీద పడ్డ మగవాడి జుట్టు రెండు కణతల దగ్గర సహజంగా వెనక్కి తగ్గుతుంది. ముందు అంచు గీత గీసినట్టు తిన్నగా, కిందికి దిగి ఉంటే టోపీ పెట్టినట్టుంటుంది. గుండ్రటి ముఖంవారు పక్కల జుట్టు పొట్టిగా, పైన కొంచెం ఎత్తుగా ఉంచుకోవాలి. పొడుగు ముఖంవారు పైన అణచి పక్కకు దువ్వుకోవాలి. నడినెత్తి ఒక్కటే ఖాళీ అయినవారికి పూర్తి విగ్గు అక్కర్లేదు. సొంత జుట్టులో కలిసిపోయే చిన్న అతుకు చాలు.

జుట్టు తిరిగి వచ్చాక

కీమో వల్ల పోయిన జుట్టు దాదాపు అందరికీ తిరిగి వస్తుంది. చికిత్స ముగిసిన ఒకటి నుంచి మూడు నెలల్లో నూగు కనిపిస్తుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తిన్నని జుట్టువారికి మొదట ఉంగరాలు తిరిగి రావడం, రంగు కొంచెం మారడం కూడా జరుగుతుంది. నాలుగంగుళాలు పెరిగేసరికి విగ్గు అవసరం చాలామందికి తీరిపోతుంది.

అప్పుడా విగ్గును బీరువాలో పెట్టి మరిచిపోకండి. ఉతికి, ఆరబెట్టి, చిక్కు తీసి అవసరమున్న మరొకరికి ఇవ్వండి. మా ఆడపడుచు విగ్గు ఇప్పటికి ఇద్దరి తల మీదికి వెళ్ళింది. బరంపురంలో ఒక టీచరమ్మకు, ఆ తరువాత విశాఖలో ఒక కాలేజీ అమ్మాయికి. టీచరమ్మది పలక ముఖం, అమ్మాయిది తమలపాకు ముఖం. ఇద్దరికీ పాపిట మార్చి, అలలు మార్చి ఇచ్చాం. మన సంఘాల్లో ప్రతిచోటా సూది, కత్తెర చేతనైన ఆడవారున్నారు. మీ ఊళ్ళో ఎవరికైనా అవసరమని తెలిస్తే, సానుభూతి మాటలు తరువాత చెప్పవచ్చు. ముందు ఒక కుట్టుపని టేపు, ఒక చేతి అద్దం పట్టుకుని వారింటికి వెళ్ళండి.